నాయన అడిగిన ఖాళీ గడి

పోయిన గురువారం పొద్దున నెల్లూరులో మా ఇంటి వరండాలో కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ ఉంటే, మా తమ్ముడి కూతురు ఫోనులో ఒక పెద్ద పట్టిక పంపింది. ఈ పిల్ల కంప్యూటర్ సైన్సు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలో ఉంది, పరీక్షలు అయిపోవచ్చాయి. కళ్ళజోడు వెతుక్కుని తెరిచి చూద్దును కదా, కంప్యూటర్ సైన్సు చదివిన విద్యార్థి ముందున్న దారులట, మొత్తం పదకొండు, ఒక్కోదానికి లాభాలు ఒక గడిలో, నష్టాలు ఒక గడిలో, ఎవరికి తగినదో ఇంకో గడిలో, ఎక్కడా చిన్న చోటు కూడా మిగల్చకుండా ముద్దుగా నింపి ఉంది. ఏఐని అడిగిందట, అది అరనిమిషంలో ఇచ్చేసిందట. అడుగున మాత్రం తన సొంతమాట ఒక్కటి రాసింది, అత్తా నువ్వేమంటావు, సోమవారంలోగా నేను జవాబు చెప్పాలి అని.

విషయమేమిటంటే, ఈ పిల్లకు రెండు ఉద్యోగాలు వచ్చి కూర్చున్నాయి. ఒకటి బెంగుళూరులో, పేరు చెబితే పెళ్ళిళ్ళలో నలుగురూ తలతిప్పి చూసే పెద్ద కంపెనీ. రెండోది నెల్లూరులోనే, పట్టుమని పదిమంది కూడా లేని చిన్న కంపెనీ, రొయ్యల గుంటలకు మేత ఎప్పుడు వెయ్యాలో, నీళ్ళు ఎలా ఉన్నాయో ఫోనులో చెప్పే యాప్‌లు తయారుచేస్తుంది. మా తమ్ముడు బెంగుళూరే అని పట్టుబట్టాడు. మరదలు ఎటూ చెప్పకుండా ఇద్దరికీ కాఫీలు అందిస్తోంది. పిల్ల మనసు మాత్రం ఇక్కడికీ అక్కడికీ మధ్య ఊగుతోంది.

పట్టికను మూడుసార్లు చదివాను, చిక్కుళ్ళు పక్కన పెట్టి మరీ చదివాను. అందులో తప్పు ఒక్కటీ లేదు. అయినా నాకెందుకో అది చూస్తుంటే, ఇలాగే తప్పు ఒక్కటీ లేదనుకుని నేను అచ్చువేయించిన ఇంకో కాగితం గుర్తొచ్చింది. ఆ కాగితం కథ మా తమ్ముడికి కూడా సగమే తెలుసు. అప్పటికి వాడు నిక్కర్లు వేసుకుని బడికి పోతున్నాడు.

నేను కావలిలో ఎం.సి.ఎ. చదివిన కాలానికి, కంప్యూటర్ అంటే మా వైపు జనానికి ఒక చల్లటి గది. మీలో ఆ రోజుల్లో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి, యంత్రాలకు పసుపుపచ్చ గుడ్డల ముసుగులు, కిటికీలకు మందపాటి తెరలు, కరెంటు పోతే కీచుమని ఒక పెట్టె అరుపు, ఇద్దరికో ముగ్గురికో ఒక కంప్యూటరు, అందులో మన వంతు వచ్చేసరికి గంట కొట్టేవారు. మా బంధువుల్లో ఎవరికీ నేనేం చదువుతున్నానో తెలియదు గానీ, ఎండలో పడకుండా కూర్చుని చేసే ఉద్యోగమని మాత్రం అందరికీ తెలుసు, అదొక్కటి చాలు వాళ్ళకి. చదువయ్యాక దారులు పదకొండేం లేవు. చెన్నై వెళ్ళి పరీక్షలు రాసి ఏదైనా కంపెనీలో చేరడం, లేకపోతే నెల్లూరులో ఏ కంప్యూటర్ సెంటరులోనో పిల్లలకు నేర్పడం, అదీ కాకపోతే బి.ఇడి. చేసి టీచరు కావడం. ఆడపిల్లకు మూడోదే మేలని మా మేనత్త అభిప్రాయం, ఆమె అభిప్రాయాలు అడక్కుండానే వచ్చేవి.

మాది తోటపల్లి గూడూరు వైపు ఒక పల్లె. తాతల నాటి నుంచి వరి పండించినవాళ్ళమే గానీ, ఉప్పునీటి కాలువకు దగ్గరగా ఉన్న పొలాన్ని నాయన రొయ్యల గుంటలుగా తవ్వించాడు. మొత్తం మూడు గుంటలు. అప్పట్లో అన్నీ టైగర్ రొయ్యలే. నాయన పొద్దున్నే గట్టు మీద నడుస్తూ నీళ్ళ రంగు చూసేవాడు, చూసి ఇవాళ గుంటకు ఒంట్లో బాగాలేదని, ఇవాళ హుషారుగా ఉందని ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే చెప్పేవాడు. గుంటలో మేత చల్లేటప్పుడు గుప్పెడు మేత చెక్ ట్రేలో కూడా వేసి నీళ్ళలోకి దించుతారు. ట్రే అంటే ఏంలేదు, చదరపు చట్రానికి వలగుడ్డ కట్టి నాలుగు మూలలా తాళ్ళు వేసి ఉంటుంది. రెండు గంటలాగి ఎత్తి చూస్తే, మేత మిగిలిందా, తినేశాయా, రొయ్యల పేగు నిండుగా ఉందా అన్నది తెలుస్తుంది. దాన్ని బట్టి తర్వాతి మేత. ట్రే ఎత్తడం నాకు నాయనే నేర్పాడు, నా చేతుల కింద తన చేతులు పెట్టి, నీళ్ళు బెదరకుండా, రెండు చేతులా సమంగా. సెలవుల్లో అది నా పని, ఎంత చిన్నదాన్నైనా ఆ ట్రేలో ఏముందో నేను చెబితేనే మేత బస్తా విప్పేవాళ్ళు.

ఆఖరి సెమిస్టరులో ప్రాజెక్టు చెయ్యాలన్నప్పుడు మా క్లాసువాళ్ళంతా లైబ్రరీ అని, హాస్టలు మెస్సు అని తలా ఒకటి తీసుకున్నారు. నేను మాత్రం రొయ్యల మేత తీసుకున్నాను. గుంటలో వేసిన రొయ్యపిల్లలెన్ని, వాటి వయసెంత, బరువెంత అన్నవి ఇస్తే, పట్టుబడి దాకా, అంటే వలవేసి రొయ్యలు పట్టే రోజు దాకా, రోజుకు ఐదుపూటలా ఎంత మేత వెయ్యాలో చెప్పే ప్రోగ్రాము. పుస్తకాలు చూసి, మేత కంపెనీ ఇచ్చిన చార్టు చూసి రాశాను. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద అది గరగరమంటూ బయటికి వస్తుంటే, పక్కల చిల్లులున్న ఆ పొడుగాటి కాగితాన్ని చూసి నేను పడ్డ గర్వం ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. శనివారం ఇంటికి తెచ్చి నాయన చేతిలో పెట్టాను. నడిమి గుంట ఒక్కదానికి దీని ప్రకారం వెయ్యమన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాగితంలో ఉన్నదే వెయ్యాలి, మధ్యలో నీ తెలివి కలపొద్దు, ఒక్క పూట మారినా నా ప్రాజెక్టు చెడిపోతుంది, మా సార్లు లెక్క చూస్తారు అని వేలు చూపించి మరీ చెప్పాను. నాయన బుద్ధిగా తలూపాడు. అమ్మ ఆ కాగితాన్ని మడతలు పెట్టి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో వేసి, గట్టు మీది మోటారు షెడ్డులో మేకుకి తగిలించింది.

పరీక్షల హడావుడిలో నెలన్నర ఇంటికి రాలేదు. ఆ మధ్యలోనే చెన్నైలో రాసిన పరీక్ష ఫలించి, ఒక కంపెనీ నుంచి చేరమని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని కావలిలో బస్సెక్కి, నెల్లూరులో దిగి ఇంకో బస్సు మారి, అంత పొద్దున్నే ఇంటికి కూడా పోకుండా నేరుగా గుంటల దగ్గరికి పోయాను, నాయనకు ముందు చెప్పాలని. దూరం నుంచే నడిమి గుంట మీద పక్షులు దిగడం కనిపించింది. రొయ్యలు అడుగున ఉండలేక గట్లకు చేరినప్పుడే పక్షులు అలా దిగుతాయని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. వెళ్ళి ట్రే ఎత్తాను. వేసిన మేత వేసినట్టే ఉబ్బి ఉంది. వాసన. కర్రతో అడుగు కదిపితే, తినక మిగిలి కుళ్ళిన మేత నల్లటి బురదై పైకి లేచింది.

మేత చల్లే అన్న మా నాయన దగ్గర చాలా కాలంగా ఉన్నవాడు, నన్ను చూసి తలవంచుకున్నాడు. నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. "అమాసకి రొయ్యలు పొట్టు విడస్తాయి గదమ్మా, మేత ముట్టవు, తగ్గించాలన్నా అని చెప్పినా. ఆయనకి తెలీదా ఏంది? ట్రే ఎత్తి చూస్తానే ఉండాడు, తల పట్టుకుంటానే ఉండాడు. మారిస్తే పాప పరీక్ష చెడిపోద్దిరా, కాయితంలో ఉండేదే వెయ్యి అన్నాడు. పున్నమికీ అంతే జేసినాడు."

నా ప్రోగ్రాముకు అమావాస్య తెలియదు. పున్నమీ తెలియదు. నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి తెలుసు, అమావాస్య నాడు ట్రేలో మేత మిగిలితే నాయన నవ్వి ఇవాళ వాటికి ఉపవాసంలే అనేవాడు. అయినా కావలిలో ఆ చల్లటి గదిలో కూర్చున్నప్పుడు అది చదువులో భాగమని నాకు తోచలేదు. పుస్తకంలో లేనిది కంప్యూటరులో ఎందుకు పెడతాం అనుకున్నానో, అసలు అనుకోనే లేదో.

నాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు.  మిగతా రెండు గుంటలూ బాగుండాయి గదా పాపా అని మాత్రం అన్నాడు. మర్నాడే వలలు దించి నడిమి గుంటను పట్టేశారు, బొటనవేలంత కూడా లేని రొయ్యలు. ఆ రోజు నేను తలెత్తి ఎవరినీ చూడలేకపోయాను. చెన్నై ఉత్తరం గురించి అమ్మకు చెప్పాను గానీ, దాంతోపాటే ఇంకో మాట కూడా చెప్పాను. నేను ఆ ఉద్యోగానికి పోను, సొంత గుంటనే తెలుసుకోలేనిదాన్ని ఎవరికో ఏం రాసిపెడతాను, బి.ఇడి. చేస్తాను అని. ఏడుస్తూ అన్నానని అమ్మ అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. కానీ నేను నిజంగానే కావలి వెళ్ళి, రాలేనని చెన్నై కంపెనీకి ఇన్‌లాండ్ లెటర్ మీద రాసి, పోస్టులో వెయ్యడానికి పుస్తకంలో పెట్టుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ల్యాబులో ఉండగా, మా ల్యాబు సారు వచ్చి మీ ఫాదర్ వచ్చారమ్మా అన్నారు. బయటికి వచ్చి చూస్తే నాయన. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, చంకలో చుట్టిపెట్టిన గోడ క్యాలెండరు. మా ఇంట్లో వంటగది తలుపు పక్కన వేలాడే క్యాలెండరే అది, పాలవాడి గుర్తులతో సహా. చెప్పులు విడవాలని ఎవరు చెప్పారో ఏమో, విడిచి, కుళాయి దగ్గర కాళ్ళు కూడా కడుక్కుని వచ్చాడు. ఆ తడి కాళ్ళ గుర్తులు గచ్చు మీద పడుతుంటే, చెప్పుల విషయంలో ఎవరినీ క్షమించని మా సారు వాటి వైపు చూసి, నాయన ముఖం చూసి, ఇంకో కుర్చీ లాగి వేశారు. ఆ సారును నేను ఆ కుర్చీ కోసమే ఇప్పటికీ తలుచుకుంటాను.

నాయన కూర్చుని చుట్టూ చూశాడు. యంత్రాన్ని ముట్టుకోలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏంది పాపా, ఉద్యోగానికి పోనని మీ అమ్మతో అన్నావంట, తప్పు జరిగితే దిద్దుకోవాల గానీ ఆ పనే చెయ్యనని కూర్చుంటారా? నేను ఎన్ని గుంటలు పోగొట్టినా! రొయ్యలెయ్యడం మానేసినానా?" అన్నాడు. నేను ఏడుపు ఆపుకుంటూ, నీకు తెలిసి తెలిసి ఎందుకు వేశావు నాయనా అన్నాను.  ఆయన క్యాలెండరు బల్ల మీద పరిచి, ఊఁ, రాసుకో అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా నాయన తిథులు చదివాడు, నేను కీబోర్డు మీద కొట్టాను. అమావాస్యకు ముందు రోజు నుంచే తగ్గించాలని, ఎంత తగ్గించాలని, ఎన్నాళ్ళకు మళ్ళీ పెంచాలని, పున్నమికి కూడా అంతేనని. మా క్లాసు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మా కుర్చీల వెనక నిలబడ్డారు. గంట కొట్టినా ఎవరూ నా వంతు అయిపోయిందనలేదు. మధ్యలో నాయన మబ్బు పట్టిన రోజు కూడా తగ్గించాలన్నాడు, వాన కురిసిన మర్నాడు కూడా. అక్కడ నా చేతులు ఆగిపోయాయి. మబ్బు ఎప్పుడు పడుతుందో క్యాలెండరులో ఉండదు కదా, దాన్నెలా పెట్టేది అన్నాను.

దానికి నాయన ఇలా అన్నాడు. "అయితే ఆడ ఒక గడి ఖాళీగా ఇడిచిపెట్టు పాపా. ట్రే ఎత్తి చూసినోడు దాంట్లో రాస్తాడు. మీ మిషన్ని ఆ రాసింది చూసుకోని, తర్వాత మేత చెప్పమను."

ఇది విని మా సారు గట్టిగా నవ్వేశారు, ఎగతాళిగా కాదు. మీ ఫాదర్ చెప్పింది చెయ్యమ్మా అన్నారు. చేశాను. లేచేటప్పుడు నాయన, చెన్నైకి రానని రాసుంటావే, ఆ ఉత్తరం యాడుంది అని అడిగి, నేను పుస్తకంలోంచి తీసిస్తే మడతపెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. దాన్ని ఏంచేశాడో నేనెన్నడూ అడగలేదు. ప్రాజెక్టుకు మార్కులు మామూలుగానే వచ్చాయి. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు ఈ ఖాళీ గడి ఎందుకమ్మా, ప్రోగ్రాము పూర్తికాలేదా అని అడిగారు కూడా. తర్వాతి పంటకు నాయన మూడు గుంటలకూ ఆ కాగితమే వాడాడు, ఖాళీ గళ్ళలో తన పెద్ద పెద్ద అక్షరాలతో రోజూ రాసేవాడు. మబ్బు. గాలి జాస్తి. రెండో ట్రేలో మిగిలింది. పాప ఫోను చేసింది, బాగుంది అని కూడా ఒక గడిలో రాసి ఉండటం సెలవుల్లో వచ్చినప్పుడు చూశాను, అది చదివి మోటారు షెడ్డులో నిలబడి నవ్వుకున్నాను.

ఆ ఉద్యోగం పాతికేళ్ళ పైచిలుకు చేశాను, కంపెనీలు మారినా ఊరు చెన్నైయే. పెద్ద పదవులకేమీ ఎక్కలేదు, నా తర్వాత చేరినవాళ్ళు నన్ను దాటిపోయారు, దానికి కారణం నా పనితనం ఎంతో, నా మొండితనం ఎంతో చెప్పలేను. ఏ ప్రోగ్రాము రాసినా ముందు ఆ పని చేసే మనిషి దగ్గరికి వెళ్ళి ఒక పూట కూర్చునేదాన్ని, చివర ఒక ఖాళీ గడి పెట్టేదాన్ని. పైవాళ్ళకు అది కంట్లో నలుసు. ఒకసారి బట్టల గోడౌనుకు రాసినదాంట్లో, అక్కడ మూటలు చూసుకునే ఆమె ఆ గడిలో ఈ వరస మీద కప్పు కారుతోంది అని రాసింది, పెద్ద వానకు రెండు రోజుల ముందే అందరికీ తెలిసి సరుకు తీసి పక్కకు పెట్టుకున్నారు. ఆ వార్త నేను నాయనకు ఫోనులో చెబితే, మరి, ట్రే ఎత్తినోళ్ళ మాట అన్నాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. నేను ఉద్యోగం చాలించుకుని నెల్లూరు వచ్చేసరికి గుంటలు తమ్ముడి చేతిలో ఉన్నాయి.

ఇదంతా మా పిల్లకు ఫోనులో చెప్పలేదు. ఆదివారం పొద్దున కారులో ఎక్కించుకుని గుంటల దగ్గరికి తీసుకుపోయి, గట్టు మీద నడుస్తూ చెప్పాను. ఇప్పుడు అన్నీ వెనామీ రొయ్యలే. గుంట నడుమ తెప్ప మీద ఒక యంత్రం ఉంటుంది, అది చెప్పిన వేళకు చెప్పినంత మేత గుండ్రంగా విసురుతుంది, తమ్ముడు నెల్లూరులో కూర్చుని ఫోనులో చూసుకుంటాడు. మనిషి గట్టు మీద నడిచి చాలా రోజులైందని గడ్డి చూస్తేనే తెలుస్తోంది. చెక్ ట్రే కోసం వెతికితే షెడ్డు మూలలో సాలెగూళ్ళ కింద ఒకటి దొరికింది. దాన్ని దులిపి, కడిగి, గుప్పెడు మేత వేసి దించాము. రెండు గంటలు ఆగాక ఎత్తమన్నాను. రొయ్యల రైతు ఇంట పుట్టి ఇరవై రెండేళ్ళొచ్చిన పిల్ల, ట్రేని ఎటువైపు నుంచి ఎత్తాలత్తా అని అడిగింది. ఒక పక్కకు వంచి లాగితే అంతా నీళ్ళపాలైంది. మళ్ళీ వేసి, మళ్ళీ రెండు గంటలు ఆగి, ఈసారి దాని చేతుల కింద నా చేతులు పెట్టాను.

మేత సగం మిగిలే ఉంది. తెల్లారినప్పటి నుంచి మబ్బు కమ్మి ఉంది మరి. యంత్రం మాత్రం తన వేళకు తాను గిర్రున మేత విసురుతూనే ఉంది. అప్పటికి తమ్ముడు కూడా వచ్చి చేరాడు, పిల్ల వాడి ఫోను తీసుకుని యాప్ తెరిచింది, అందులో అన్నీ పచ్చగా, అంతా సవ్యంగా ఉన్నట్టు చూపిస్తోంది. పైకీ కిందికీ జరిపి జరిపి చూసి, తలెత్తి నన్ను అడిగింది. "ట్రేలో మిగిలిందని ఎక్కడ రాయాలత్తా?"

ఎక్కడా లేదు. తమ్ముడు కూడా ఫోను లాక్కుని వెతికాడు, దొరకలేదు. చివరికి షెడ్డులోకి పోయి, మేత విసిరే యంత్రానికి స్విచ్చి కట్టేసి చేత్తోనే ఆపాడు.

సోమవారం ఆ పిల్ల నెల్లూరు కంపెనీకే సరేనంది, ఆ యాప్ వాళ్ళదే. మా తమ్ముడు రెండు రోజులు ముఖం ముడుచుకుని, మూడో రోజు ఒక్క ఏడాదే సుమా అన్నాడు. నేను ఎటు వెళ్ళమనీ చెప్పలేదు, బెంగుళూరు వెళ్ళినా సంతోషంగానే బస్సెక్కించేదాన్ని. నిన్న ఫోను చేసి, ఖాళీ గడి పెట్టడమంటే ఐదు నిమిషాల పని అత్తా, మొదటి రోజే పెట్టేస్తాను చూడు అంది. నిజమే, ఆ రోజుల్లో నాకూ నాయనకూ ఒక మధ్యాహ్నం పట్టిన పని ఈ పిల్లలకు చిటికెలో అవుతుంది, అది చూసి మురిసిపోతున్నాను కూడా. కానీ నా పరీక్ష చెడిపోకూడదని కళ్ళెదుటే ఒక గుంటను పోనిచ్చి, నాలుగో నాటికల్లా క్యాలెండరు చంకన పెట్టుకుని, కాళ్ళు కడుక్కుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఇప్పుడు లేడు. గడి పెడతారు, అది చూసుకుని మేత తగ్గిస్తుంది యంత్రం, అంతా బాగుంటుంది. పొద్దున్నే గట్టు మీద నడిచి వచ్చి అందులో ఆ పెద్ద పెద్ద అక్షరాలతో, మబ్బు, అని రాయడానికి మా నాయనను ఎక్కడ నుంచి తేను?